చెప్పాపెట్టకుండా వెళ్లినవాడు పదేళ్లు నిలబడ్డాడు

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే పిల్లల్ని లేపి, టిఫిన్లు పెట్టి, ఈ లైబ్రరీ హాలు దాకా తీసుకొచ్చారు, ముందుగా అందుకు థ్యాంక్స్. నన్ను పిలిచినప్పుడు "సియాటిల్లో మన బతుకుల గురించి ఏదైనా మాట్లాడండి" అన్నారు. రెండు వారాలు ఆలోచించాను. చివరికి మనవాళ్ల గురించి కాదు, క్యూబా నుంచి వచ్చిన ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి మాట్లాడతానని చెప్పాను. ఆయన పేరు ఒస్వాల్డో అలోన్సో. ఈ ఊళ్లో చాలామందికి ఓజీ. 2009 నుంచి 2018 దాకా, అంటే పది సీజన్లు, మన సౌండర్స్ జట్టుకి మిడ్‌ఫీల్డ్‌లో 6వ నంబరు చొక్కా వేసుకుని ఆడాడు. నేను ఈ దేశం వచ్చింది 2010లో. కాబట్టి నా సియాటిల్ జీవితంలో మొదటి తొమ్మిదేళ్లూ ఆయన ఇక్కడే ఉన్నాడు.

ఆయన గురించి ఎక్కడ రాసినా మొదటి వాక్యం ఒకటే ఉంటుంది. 2007లో అమెరికాలో టోర్నీ ఆడటానికి వచ్చి, హ్యూస్టన్‌లో జట్టుతో పాటు వాల్‌మార్ట్‌కి వెళ్లి, అక్కడి నుంచి చెప్పాపెట్టకుండా బయటికి నడిచి వెళ్లిపోయాడు అని. నిజమే, అలాగే జరిగింది. కానీ ఆ ఒక్క నడకతో ఆయన కథ అయిపోయినట్టు రాస్తే నాకు మనసు ఒప్పదు. వెళ్లిపోవడం ఒక్క సాయంత్రం పని. ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు రోజూ పొద్దున లేచి పరిగెత్తింది ఎవరు? అందుకే ఇవాళ ఆ వెళ్లిపోవడం గురించి చెప్పాల్సింది చెప్పేసి, ఎక్కువ సేపు నిలబడటం గురించి మాట్లాడతాను.

అలోన్సో 1985 నవంబర్ 11న శాన్ క్రిస్టోబాల్ అనే ఊళ్లో పుట్టాడు. హవానాకి పడమట, అప్పట్లో పినార్ దెల్ రియో రాష్ట్రంలో ఉండేది. ప్రపంచంలోకెల్లా పేరున్న చుట్టల పొగాకు పండేది ఆ పక్కనే. చరిత్ర చదివినవాళ్లకి శాన్ క్రిస్టోబాల్ ఇంకోలా గుర్తుండాలి, 1962లో సోవియట్ క్షిపణుల్ని అమెరికా నిఘా విమానాలు ఫోటోలు తీసింది ఆ చుట్టుపక్కలే. సరే, మనం ఆటకొద్దాం. క్యూబాలో పిల్లాడు బయట ఆడుకుంటున్నాడంటే చేతిలో బేస్‌బాల్ బ్యాట్ ఉన్నట్టే లెక్క, మన ఊళ్లలో క్రికెట్ ఎలాగో అలాగ. దాని తర్వాత బాక్సింగ్. ఫుట్‌బాల్‌కి ఎప్పుడూ వెనకబెంచీయే. ఆ దేశం ప్రపంచకప్ ఆడింది ఒక్కసారే, 1938లో ఫ్రాన్స్‌లో. రొమేనియాతో 3-3 డ్రా అయితే మళ్లీ ఆడి 2-1తో గెలిచారు, తర్వాత స్వీడన్ చేతిలో 8-0తో ఓడిపోయారు. అంతే, ఆ తర్వాత లేదు.

ఇంకో సంగతి అర్థం చేసుకోవాలి. విప్లవం తర్వాత 1960ల మొదట్లోనే క్యూబా ప్రొఫెషనల్ ఆటల్ని రద్దు చేసేసింది. ఆట ప్రజలది, అమ్మకానికి కాదు అనేది వాళ్ల మాట. ఆ మాటలో గొప్పతనం లేదని నేను అనను. చిన్న ఊళ్లో పుట్టిన పేద పిల్లాడికి కూడా కోచ్ దొరికాడు, ఆటల బడిలో సీటు దొరికింది, ఒలింపిక్స్‌లో ఆ చిన్న దేశం పెద్దపెద్దవాళ్లని మట్టి కరిపించింది. కానీ దానికి ఇంకో వైపు కూడా ఉంది. ఎంత బాగా ఆడినా వచ్చేది సర్కారు ఇచ్చే కొద్దిపాటి జీతమే, బయటి దేశం క్లబ్బు పిలిచినా వెళ్లడానికి లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడికి తన ఆట ఎంత దూరం వెళ్తుందో చూసుకోవాలని ఉంటుంది కదా? అది చూసుకునే దారి ఆ ఊళ్లో లేదు. 2013 తర్వాత కొంత సడలించారు, ప్రభుత్వం అనుమతితో బయట కాంట్రాక్టులు మొదలయ్యాయి. అలోన్సోకి ఆ సడలింపు ఆరేళ్లు ఆలస్యం.

2007 జూన్‌లో గోల్డ్ కప్. ఉత్తర అమెరికా, మధ్య అమెరికా, కరీబియన్ దేశాలు ఆడే పెద్ద టోర్నీ ఇది. క్యూబా మొదటి మ్యాచ్ న్యూయార్క్ పక్కన, మెక్సికోతో, 2-1తో ఓడారు. జట్టులోని ఫార్వర్డ్ లెస్టర్ మోరే మ్యాచ్ తర్వాత కనిపించలేదు. పనామాతో 2-2 డ్రా చేసుకుని జట్టు హ్యూస్టన్ చేరింది. హోండురాస్‌తో మ్యాచ్‌కి ముందు అందరినీ షాపింగ్‌కి తీసుకెళ్లారు. అలోన్సోకి అప్పుడు 21 ఏళ్లు. జట్టువాళ్లు సామాన్లు చూసుకుంటుంటే తను తలుపు వైపు నడిచాడు. బయటికొచ్చాడు. ఇంగ్లిష్ రాదు. కట్టుబట్టలతో, బస్సెక్కి మయామీ వెళ్లాడు. మ్యాప్ మీద చూడండి, హ్యూస్టన్ నుంచి మయామీ అంటే ఎంత దూరమో. మ్యాచ్‌లో క్యూబా 5-0తో ఓడిపోయింది.

ఇలాంటి ఆటగాళ్ల గురించి తెలుగు వార్తల్లో రాసేటప్పుడు ఒక్కోసారి "ఫిరాయించాడు" అని రాస్తారు. నాకు ఆ మాట గుచ్చుకుంటుంది. ఫిరాయింపు అంటే మనకి గుర్తొచ్చేది గెలిచిన పార్టీ వదిలి అధికారంలో ఉన్న పార్టీలోకి దూకే ఎమ్మెల్యే. అతనికి కండువా కప్పుతారు, పదవి ఇస్తారు. ఈ కుర్రాడికి ఎదురొచ్చి కండువా కప్పినవాడు లేడు. వెళ్లిన చోట జట్టు లేదు, ఉద్యోగం లేదు. వెనక్కి వెళ్లే దారి మాత్రం ఆ తలుపు దాటగానే మూసుకుపోయింది.

ఇక్కడ కాసేపు ఆగుతాను, మన హాల్లో అందరికీ వీసా గురించి తెలుసు కాబట్టి. 1966లో అమెరికా క్యూబన్ అడ్జస్ట్‌మెంట్ యాక్ట్ అని ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఇక్కడికి చేరి, లోపలికి అనుమతి పొందిన క్యూబా మనిషి ఏడాది పైన ఒక్క రోజు ఉంటే గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడాది! ఈ హాల్లో పన్నెండేళ్లుగా, పదిహేనేళ్లుగా లైన్లో ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, నేనూ ఆ లైన్లోనే ఉన్నాను. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు కడుపు మండింది. వాళ్లకి అంత సులువా అనిపించింది. తర్వాత ఒకరోజు మా అమ్మకి ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే టికెట్ కొనుక్కుని రెండు రోజుల్లో శంషాబాద్‌లో దిగాను. పని ఆగింది, డబ్బు ఖర్చయింది, వెనక్కి వచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ టెన్షన్, అన్నీ ఉన్నాయి, కానీ వెళ్లాను, అమ్మ పక్కన మంచం మీద కూర్చున్నాను. జట్టు వదిలి వెళ్లిన క్యూబా ఆటగాడికి ఆ టికెట్ ఎంత డబ్బున్నా దొరకదు, ఏళ్ల తరబడి సొంత దేశం రానివ్వదు. అప్పుడు నా కడుపుమంట చల్లారింది. మనది ఒక రకం కష్టం, వాళ్లది ఇంకో రకం. తక్కెడలో పెట్టి తూచేవి కావు అవి.

వదిలిపోయినవాళ్ల వైపే చెప్పి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. 2008 మార్చిలో ఫ్లోరిడాలోని టాంపాలో ఒలింపిక్ అర్హత పోటీలు. క్యూబా అండర్-23 జట్టు అమెరికాతో 1-1 డ్రా చేసుకుంది, ఎంత గొప్ప ఫలితమో ఆలోచించండి. ఆ తర్వాత ఏడుగురు హోటల్ నుంచి వెళ్లిపోయారు. తర్వాతి మ్యాచ్ హోండురాస్‌తో. సస్పెన్షన్‌లో ఉన్నవాడిని తీసేస్తే మిగిలింది పదిమంది. పదకొండు మంది ఆటని మొదటి నిమిషం నుంచి పదిమందితో ఆడారు, అలిసిపోతే మార్చడానికి బెంచీ మీద మనిషి లేడు. 2-0తో ఓడారు. 2012లో టొరంటోలో కెనడా మీద ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లోనూ అంతే, సరిగ్గా పదకొండు మందే మిగిలారు. టాంపాలో ఆడిన ఆ పదిమంది ముఖాలు నాకు తరచూ గుర్తొస్తాయి. వెళ్లినవాళ్ల మీద కోపంగా ఆడారో, దిగులుగా ఆడారో, కానీ తొంభై నిమిషాలూ ఆడారు. ఉన్నవాళ్లూ నిలబడ్డవాళ్లే.

సరే, అలోన్సో దగ్గరికి వద్దాం. మయామీ చేరాక అమెరికా పెద్ద లీగ్‌లో, అంటే ఎమ్ఎల్ఎస్‌లో, వెంటనే చోటు దొరకలేదు. 2008లో సౌత్ కరోలైనాలోని చార్ల్‌స్టన్ బ్యాటరీ అనే చిన్న జట్టు తీసుకుంది. రెండో స్థాయి లీగ్ అది. పెద్ద స్టేడియం లేదు, పెద్ద జీతాలు లేవు. మొదటి ఏడాదే ఆ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఆ చిన్న జట్టు, చిన్నాపెద్దా లీగ్‌ల జట్లు కలిసి ఆడే యూఎస్ ఓపెన్ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లింది, అంటే పెద్ద లీగ్ జట్లని కూడా దాటుకుంటూ వెళ్లింది. ఫైనల్ వాషింగ్టన్‌లో, ఆర్ఎఫ్‌కే స్టేడియంలో, డీసీ యునైటెడ్ చేతిలో 2-1తో ఓడారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2009 సెప్టెంబర్‌లో, అదే స్టేడియంలో అదే డీసీ యునైటెడ్ మీద అదే 2-1 స్కోరుతో అదే కప్పు గెలిచింది మన సౌండర్స్. ఈసారి అలోన్సో ఇటువైపు ఉన్నాడు. సౌండర్స్‌కి పెద్ద లీగ్‌లో అది మొదటి సీజన్. నాకు ఆ స్కోరు ఎప్పుడు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

ఈ ఊరికీ క్యూబాకీ అప్పటికే ఒక దారం ఉంది. 2005 గోల్డ్ కప్‌లో క్యూబా జట్టు సియాటిల్లో అమెరికాతో ఆడింది. ఆ మ్యాచ్ తర్వాత మైకేల్ గాలిందో అనే ఫార్వర్డ్ జట్టుని వదిలి ఇక్కడే ఉండిపోయి, అప్పట్లో ఇంకా చిన్న లీగ్‌లోనే ఉన్న సౌండర్స్‌కి ఆడాడు. అలోన్సో వచ్చేనాటికి ఈ ఊరి ఫుట్‌బాల్ జనానికి క్యూబా కుర్రాడు కొత్త కాదు.

ఇప్పుడు పిల్లల కోసం. 6వ నంబరు వాడు ఏం చేస్తాడు? గోలు కొట్టేది ఫార్వర్డ్, ఆపేది కీపర్, ఆ ఇద్దరి పేర్లే పేపర్లో వస్తాయి. ఈయన డిఫెన్స్ నలుగురికి ముందు, మైదానం మధ్యలో ఉంటాడు. అవతలివాడు బంతి తీసుకుని మలుపు తిరిగే లోపు మీద పడి లాక్కోవాలి. లాక్కున్నాక గొప్పలకు పోకుండా పక్కవాడికి పది అడుగుల పాస్ ఇవ్వాలి. మళ్లీ తన చోటికి రావాలి. డిఫెండర్ పైకి వెళ్తే వాడి ఖాళీ నింపాలి. మన పెళ్లిళ్లలో ఒక మామయ్య ఉంటాడు చూడండి, ఫోటోల్లో ఎక్కడా కనపడడు, కానీ వంటల దగ్గర, కరెంటు దగ్గర, విడిది ఇంటి దగ్గర ఎక్కడ ఏది తగ్గినా ముందే అక్కడ ఉంటాడు. ఆయన ఒక్కపూట రాకపోతే తెలుస్తుంది. 6వ నంబరు అదే.

అలోన్సో ట్యాకిల్ గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. చాలామంది బంతి కోసం కాలు చాపుతారు. ఆయన కాలు చాపడానికి ముందే ఒళ్లంతా అడ్డం పెట్టేవాడు, తుంటి ముందు చేరేది, తర్వాత భుజం, ఆఖర్న పాదం, అవతలివాడు బంతి ఇంకా తన దగ్గరే ఉందనుకుని ఇంకో అడుగు వేసేవాడు. ఆయన మరీ పొడగరి కాదు, కానీ నేలకి అతుక్కున్నట్టు ఉండేవాడు. అభిమానులు ఆయనకి హనీ బ్యాడ్జర్ అని పేరు పెట్టారు, తనకంటే పెద్ద జంతువు మీదికి కూడా వెనకాడకుండా వెళ్లే జంతువది. పేరు బాగానే కుదిరింది గానీ, ఆయన బుర్రకి దక్కాల్సిన పేరు కొంచెం తగ్గిందని నా అభిప్రాయం. ముందే చదవకపోతే అలా ముందే చేరడం కుదరదు.

నేను మొదటిసారి చూసింది 2011 అక్టోబర్‌లో, ఓపెన్ కప్ ఫైనల్. ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలిపోయింది, "వస్తావా" అన్నాడు. నాకు అప్పటికి క్రికెట్ తప్ప ఏదీ తెలియదు. బెల్‌వ్యూ నుంచి 550 బస్సెక్కి వెళ్లాను. బస్సంతా ఆకుపచ్చ, నీలం స్కార్ఫులు. స్టేడియంలో 35,615 మంది. ఎదురుగా షికాగో ఫైర్. ఫ్రెడీ మోంటెరో గోలుతో మనవాళ్లు 1-0 మీద ఉన్నారు. ఆట అయిపోవస్తోంది, ఇంజురీ టైమ్ నడుస్తోంది, అందరూ లేచి నిలబడి ఉన్నారు, అంతసేపూ వెనకే ఉండి బంతులు లాక్కుంటున్న ఆ 6వ నంబరు మనిషి బంతి తీసుకుని ముందుకి బయల్దేరాడు. ఒకణ్ణి దాటాడు. పాస్ ఇస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. ఇంకొకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి కూడా, కీపర్ ముందుకి వెళ్లి గోలు కొట్టేశాడు. నా పక్కన, అప్పటిదాకా నాతో ఒక్క మాట కూడా మాట్లాడని పెద్దావిడ నన్ను గట్టిగా పట్టేసుకుంది. ఈ దేశంలో నన్ను తెలియనివాళ్లు అలా పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ రాత్రి బస్సులో తిరిగొస్తూ ఈ మనిషి ఎవరా అని ఫోన్లో వెతికి, హ్యూస్టన్ సంగతి చదివాను.

2009, 2010, 2011, 2014 ఓపెన్ కప్పులు. 2014లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లకి ఇచ్చే సపోర్టర్స్ షీల్డ్. 2012లో లీగ్ ఉత్తమ జట్టులో చోటు. అదే 2012లో అమెరికా పౌరుడయ్యాడు. ఇక్కడ చెప్పాల్సిన బాధ ఒకటి ఉంది. పౌరసత్వం వచ్చాక ఆయన అమెరికా జట్టుకి ఆడాలనుకున్నాడు. ఫిఫా నిబంధన ఒప్పుకోలేదు. ఒక దేశం తరఫున అధికారిక టోర్నీ ఆడినవాడు ఇంకో దేశానికి మారాలంటే, ఆ మొదటి మ్యాచ్ ఆడేనాటికే అతనికి రెండో దేశం పౌరసత్వం ఉండాలి. 2007లో ఆయనకి ఎక్కడిది? అందువల్ల ఫిఫా లెక్కలో క్యూబా మనిషే, క్యూబా లెక్కలో వదిలిపోయినవాడు. 21 ఏళ్లకే జాతీయ జట్టు జీవితం అయిపోయింది. మంచి వయసు మొత్తం, ఇరవై ఐదు నుంచి ముప్పై దాకా, ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌ల వారం వచ్చినప్పుడల్లా జట్టులో మిగతావాళ్లు వాళ్ల వాళ్ల దేశాలకి విమానం ఎక్కుతుంటే ఈయన ఇక్కడే ప్రాక్టీసుకి వెళ్లాడు. కప్పుల జాబితా చదివేటప్పుడు దీన్ని కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

2021లో క్యూబా సమాఖ్య మొదటిసారి విదేశాల్లో సొంతంగా ఆడుకుంటున్నవాళ్లని పిలిచింది. వాళ్లలో ఒనెల్ హెర్నాండెజ్ ఉన్నాడు. మోరోన్ ఊళ్లో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో జర్మనీ వెళ్లి, తర్వాత ఇంగ్లండ్‌లో నార్విచ్‌కి ఆడి, 2019 అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద ప్రీమియర్ లీగ్‌లో గోలు కొట్టిన మొదటి క్యూబన్. పిలిచిన వార్త చదివి సంతోషపడ్డాను. కానీ జట్టుని మధ్యలో వదిలినవాళ్లని అప్పుడు పిలవలేదు. చిన్నప్పుడు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని దేశం దాటినవాడికి ఒక లెక్క, పెద్దయ్యాక తన కాళ్లతో దాటినవాడికి ఇంకో లెక్క. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

ఇక 2016. ఆ ఏడాది జూలైలో సౌండర్స్ పరిస్థితి ఘోరం, పశ్చిమ విభాగంలో దాదాపు అట్టడుగున. కోచ్ సిగీ ష్మిడ్ వెళ్లిపోయారు, బ్రయన్ ష్మెట్జర్ బాధ్యత తీసుకున్నారు, జట్టులో పేరున్న ఫార్వర్డ్ క్లింట్ డెంప్సీకి గుండె సమస్య వచ్చి ఆట ఆపేశాడు. అక్కడి నుంచి లేచి డిసెంబర్ 10న టొరంటోలో, టొరంటో జట్టుతో లీగ్ ఫైనల్‌కి చేరారు. గడ్డకట్టే చలి. అలోన్సో మోకాలు దెబ్బతిని ఉంది. మామూలు మ్యాచ్ అయితే ఆడేవాడు కాదు. ఆడాడు. 90 నిమిషాలు కాదు, ఎక్స్‌ట్రా టైమ్‌తో కలిపి 120 నిమిషాలు. టొరంటోకి జోవిన్కో, ఆల్టిడోర్ లాంటివాళ్లు ఉన్నారు, అల మీద అల లాగా వచ్చారు. మనవాళ్లు ఆ 120 నిమిషాల్లో గోలు వైపు సరిగా ఒక్క షాటు కూడా కొట్టలేదు, ఒక్కటి కూడా! ఎక్స్‌ట్రా టైమ్‌లో ఆల్టిడోర్ హెడర్‌ని కీపర్ స్టెఫాన్ ఫ్రై వెనక్కి ఎగిరి ఒంటి చేత్తో తోసేశాడు, అది అందరికీ గుర్తుంది. 0-0. పెనాల్టీల్లో 5-4తో గెలిచాం, ఆఖరిది రోమన్ టోరెస్ కొట్టాడు. ఆ రోజు అలోన్సో పక్కన మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన క్రిస్టియన్ రోల్డాన్‌కి 21 ఏళ్లు. హ్యూస్టన్‌లో అలోన్సోకి ఉన్న వయసే. అవతలివాళ్లు దాడికి వచ్చినప్పుడల్లా, ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ కుర్రాడికి అలోన్సో చేత్తో చూపిస్తూనే ఉన్నాడు.

2019లో అలోన్సో మిన్నెసోటా జట్టుకి వెళ్లాడు, 2022లో అట్లాంటాకి. అక్కడ చేరిన ఏడాదే మోకాలి లిగమెంటు తెగింది. అప్పటికి ముప్పై ఆరేళ్లు. ఆ భాగం గురించి నేను ఎక్కువ చెప్పను, నాకు ఆయన సియాటిల్ మనిషి.

మా అమ్మాయి శనివారాలు లీగ్‌లో ఆడుతుంది. పోయిన నెల కోచ్ తనని మధ్యలో వెనక్కి ఆడమన్నారని ఇంటికొచ్చి ఏడ్చింది, "నాన్నా, అక్కడుంటే గోలు కొట్టలేను" అని. ఈ ప్రసంగం అసలు అప్పుడే నా మనసులో మొదలైంది. ఆ రోజు మేమిద్దరం కూర్చుని ఏం చూశామో ఇప్పుడు మీకూ చూపిస్తాను. టొరంటో ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్‌లో పది నిమిషాలు. పిల్లలూ, కాస్త ముందుకొచ్చి కూర్చోండి. బంతి ఎటు పోయినా సరే, మీరు దాన్ని చూడొద్దు. 6వ నంబరుని మాత్రమే చూడండి, ఎడమ కాలు ఎలా వేస్తున్నాడో కూడా చూడండి. అండీ, ఎవరైనా ఆ వెనక లైట్లు ఆపుతారా?